అప్పీలు గెలిచేది కింద తయారైన కాగితంతోనే: హైదరాబాద్‌లో పర్యావరణ లాయరు పని ఎలా నడుస్తుంది

క్లుప్తంగా

పర్యావరణ కేసుల్లో అప్పీళ్లు చూసే లాయరు పనిలో కోర్టు వాదన చిన్న భాగమే. గడువు దాటిపోకుండా చూసుకోవడం, కింది స్థాయిలోనే సరైన పత్రాలు రికార్డుకు ఎక్కించడం, ఏ కోర్టుకు వెళ్లాలో తేల్చుకోవడం, అసలు పనంతా ఈ మూడింట్లో ఉంది. తెలంగాణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) బెంచ్ చెన్నైలో ఉంది, దాని మీద అప్పీలు ఢిల్లీలోని సుప్రీంకోర్టులో. ఈ దూరం వల్ల ఎవరికి మంచి లాయరు దొరుకుతాడు, ఎవరికి దొరకడు అనేది కూడా మారిపోతోంది.

ఏ కోర్టుకు వెళ్లాలి?

2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టేస్తున్న విషయం దేశమంతా మోగిపోయినప్పుడు చాలామందికి వచ్చిన సందేహం ఒకటుంది. ఏప్రిల్ 2న తెలంగాణ హైకోర్టు పనులు ఆపమంది, మర్నాడే సుప్రీంకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టి చెట్ల నరికివేత ఆపించింది, మరి పర్యావరణం కోసమే పెట్టిన ఎన్జీటీ ఈ కథలో ఎక్కడుంది?

సమాధానం 2010 నాటి ఎన్జీటీ చట్టంలోనే ఉంది. ఆ ట్రిబ్యునల్‌కు అధికారం ఉన్నది ఏడు చట్టాల మీద. నీటి కాలుష్య చట్టం, నీటి సెస్సు చట్టం, అటవీ సంరక్షణ చట్టం, గాలి కాలుష్య చట్టం, 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం, ప్రమాద బాధితుల బీమాకు సంబంధించిన 1991 చట్టం, జీవ వైవిధ్య చట్టం. వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ జాబితాలో లేదు. చెట్లు కొట్టాలంటే మన దగ్గర అనుమతి తీసుకోవాల్సిన వాల్టా చట్టం కూడా లేదు. అంటే ఒకే స్థలం మీద, ఒకే రోజు నడిచిన జేసీబీల మీద, 'ఇది అడవి' అని వాదిస్తే ఒక దారి, 'వాల్టా అనుమతి లేదు' అని వాదిస్తే ఇంకో దారి, 'ఇక్కడ నెమళ్లు, జింకలు ఉన్నాయి' అంటే మరో దారి. వీటన్నిటికీ పైన, 1995 నుంచీ గోదావర్మన్ కేసు ద్వారా అడవుల విషయాలు సుప్రీంకోర్టు నేరుగా చూస్తూనే ఉంది.

ఎన్జీటీ వచ్చాక హైకోర్టు తలుపు మూసుకుపోయిందా అన్న ప్రశ్న కూడా చాలా ఏళ్లు నలిగింది. 2022 మేలో మధ్యప్రదేశ్ హైకోర్టు న్యాయవాదుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు దాన్ని తేల్చేసింది: ప్రభుత్వ చర్యల మీద నేరుగా కేసు వినే హైకోర్టు రిట్ అధికారం రాజ్యాంగం ఇచ్చింది, ఎన్జీటీ చట్టం దాన్ని తీసేయలేదు. అయినా 'మీకు ట్రిబ్యునల్ ఉంది కదా, అక్కడికి వెళ్లండి' అని హైకోర్టు అనడానికి అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఈలోపు ట్రిబ్యునల్ గడువు దాటిపోతే మాత్రం క్లయింటు రెండిటికీ చెడినట్టే. అందుకే ఈ లాయర్ల దగ్గర మొదటి మీటింగులో ఎక్కువసేపు నడిచేది ఎలా వాదించాలన్న చర్చ కాదు, ఎక్కడ వేయాలన్న చర్చ.

ఆ ఎంపిక ఎంత దూరం తీసుకెళ్తుందో కాళేశ్వరం చూపించింది. 2017 అక్టోబరులో ఢిల్లీలోని ఎన్జీటీ ప్రధాన బెంచ్ పర్యావరణ అనుమతి లేకుండా పనులు చేయొద్దంది. నవంబరులో హైదరాబాద్ హైకోర్టు ఆ ఆదేశాన్ని పక్కన పెట్టింది. డిసెంబరులో అనుమతి వచ్చేసింది. 2019 జూన్‌లో ప్రాజెక్టు ప్రారంభమైంది. అనుమతికి ముందే పనులు చేయడం చట్ట ఉల్లంఘన అని ఎన్జీటీ తేల్చింది 2020 అక్టోబరులో, అంటే బ్యారేజీలు కట్టి నీళ్లు ఎత్తిపోయడం మొదలయ్యాక. తీర్పు ఎవరి వైపు వచ్చిందన్నది ఒక లెక్క, ఎప్పుడు వచ్చిందన్నది ఇంకో లెక్క. పర్యావరణ కేసుల్లో రెండో లెక్కే ఎక్కువసార్లు గెలుస్తుంది. సివిల్ కేసులో భూమి పోతే పాతికేళ్ల తర్వాతైనా తిరిగి రావచ్చు, నరికిన చెట్టుకీ మునిగిన ఊరికీ ఆ వీలు లేదు. కాబట్టి మధ్యంతర స్టే కోసం జరిగే అరగంట వాదనకు ఇక్కడ ఉన్న బరువు మామూలు సివిల్ అప్పీళ్లలో ఉండదు.

అసలు ఈ ట్రిబ్యునల్ ఆలోచన మొలిచింది మన చెరువుల దగ్గరే

1908 మూసీ వరద తర్వాత కట్టినవి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. నగరానికి దశాబ్దాల పాటు తాగునీళ్లు ఇచ్చిన ఈ రెండిటి చుట్టూ 10 కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలు రాకూడదని 1996 మార్చి 8న ప్రభుత్వం జీవో 111 ఇచ్చింది. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. ఆ పరిధిలోనే, శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదం నూనె నుంచి రసాయనాలు తీసే ఫ్యాక్టరీ పెట్టడానికి ఒక కంపెనీ ముందుకొచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి 1997లో వద్దంది. కంపెనీ నీటి చట్టం 28వ సెక్షన్ కింద అప్పీలుకు వెళ్లింది.

ఆ అప్పీలు అధికారి స్థానంలో ఉన్నది ఒక రిటైర్డ్ జడ్జి. ఫ్యాక్టరీ టెక్నాలజీ సురక్షితమేనని చెప్పే నిపుణుడి అఫిడవిట్‌ను నమ్మి 1998లో అప్పీలు ఒప్పుకున్నారు. హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. మండలి సుప్రీంకోర్టుకు వెళ్లింది. అదే ఏపీ కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ప్రొఫెసర్ ఎం.వి.నాయుడు కేసు. 1999 జనవరి 27న తీర్పు రాసింది జస్టిస్ ఎం.జగన్నాథరావు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి పైకి వెళ్లిన న్యాయమూర్తి.

ఆ తీర్పు రెండు పనులు చేసింది. పర్యావరణానికి హాని జరగదని నిరూపించాల్సిన భారం ప్రాజెక్టు పెట్టేవాడి మీదే ఉంటుందని, అనుమానం ఉన్నప్పుడు జాగ్రత్త వైపే మొగ్గాలని చెప్పింది. రెండోది, మన కథకు ఇంకా ముఖ్యమైనది: సైన్సు తెలియని అప్పీలు వ్యవస్థ ఇలాంటి కేసులు తేల్చలేదని ఒప్పుకుంది. నికెల్ వ్యర్థం భూగర్భ జలంలోకి దిగుతుందా లేదా అన్నది చట్టం పుస్తకంలో దొరికే జవాబు కాదు. అందుకే అప్పట్లో ఉన్న జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థను అభిప్రాయం అడిగింది, జడ్జీలతో పాటు శాస్త్రవేత్తలు కూర్చునే కోర్టులు కావాలంది. 2000 డిసెంబరులో వచ్చిన తుది తీర్పు ఫ్యాక్టరీకి అనుమతి లేదని తేల్చింది. జలాశయాల రక్షణ కోసం పెట్టిన నియమం నుంచి ఒక్క కంపెనీకి మినహాయింపు ఇవ్వడం ప్రభుత్వానికి కుదరదని కూడా చెప్పింది.

తర్వాత అదే జస్టిస్ జగన్నాథరావు లా కమిషన్ ఛైర్మన్ అయ్యారు. 2003లో ఆయన కమిషన్ ఇచ్చిన 186వ నివేదిక పర్యావరణ కోర్టులు పెట్టమని సిఫారసు చేసింది. ఏడేళ్లకు ఎన్జీటీ చట్టం వచ్చింది. శంషాబాద్ మండలంలో ఒక ఫ్యాక్టరీ మీద మొదలైన అప్పీలు దేశంలో ఒక కొత్త ట్రిబ్యునల్‌కు, దాంతో పాటే ఒక కొత్త వృత్తికి దారి వేసిందన్నది ఈ నగరం గర్వంగా గుర్తుంచుకోవాల్సిన విషయం. ఆ జీవో 111 ఆంక్షలను ఎత్తేస్తూ 2022 ఏప్రిల్‌లో జీవో 69 రావడం, 2023 మేలో మొత్తం రద్దుకే కేబినెట్ నిర్ణయించడం చూస్తే, కోర్టులో గెలిచిన రక్షణ కూడా శాశ్వతం కాదని తెలుస్తుంది.

తొంభయ్యో రోజు దాటితే ఏ వాదనా పనికిరాదు

ఒక ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి వచ్చిందనుకుందాం. దాన్ని సవాలు చేయాలంటే ఎన్జీటీ చట్టం 16వ సెక్షన్ కింద 30 రోజుల్లో అప్పీలు వేయాలి. తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇస్తారు. అంతే. తొంభై ఒకటో రోజున ఎంత మంచి కారణం చెప్పినా క్షమించే అధికారం ట్రిబ్యునల్‌కు లేదు. వివాదం తేల్చమని 14వ సెక్షన్ కింద వేసే దరఖాస్తుకు ఆరు నెలలు, పైన 60 రోజులు. నష్టపరిహారం కోసం 15వ సెక్షన్ కింద ఐదేళ్లు. ఈ అంకెలు కొత్త జూనియర్‌కు సీనియర్ మొదటి వారంలోనే బట్టీ పట్టిస్తాడు, ఎందుకంటే ఏ సెక్షన్ కింద వేస్తున్నామో తప్పుగా ఎంచుకుంటే కేసు విషయం చూడకుండానే కొట్టేస్తారు.

గ్రామస్థులకు ఈ గడువే పెద్ద అడ్డంకి. అనుమతి లేఖ ఆన్‌లైన్‌లో పెడతారు, పేపర్లో ప్రకటన ఇస్తారు, గడువు నడవడం మొదలవుతుంది. ఊళ్లో విషయం తెలిసేది మాత్రం కంచె పాతినప్పుడో, బోరింగ్ మిషన్ వచ్చినప్పుడో. అప్పటికి రెండు నెలలు పోయి ఉంటాయి. అందుకే అనుభవం ఉన్న లాయర్లు అనుమతి వచ్చాక కాదు, ప్రజాభిప్రాయ సేకరణ నోటీసు పడిన రోజు నుంచే ఫైలు తెరుస్తారు.

ప్రజాభిప్రాయ సేకరణ దగ్గర భాష సమస్య ఉంది, దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. 2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు నోటీసివ్వాలి, ఒక స్థానిక భాషా పత్రికలో ప్రకటన వేయాలి, నివేదిక సారాంశం ఇంగ్లిష్‌తో పాటు స్థానిక భాషలోనూ ఉండాలి, సభ మొత్తం వీడియో తీయాలి. గమనించాల్సింది 'సారాంశం' అన్న మాట. వందల పేజీల పూర్తి నివేదిక ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. రైతు మైకు పట్టుకుని 'మా బావుల్లో నీళ్లు ఎర్రగా వస్తున్నయి, బర్రెలు ముట్టడం లేదు' అంటాడు. అధికారిక నమోదులో అది 'భూగర్భ జలాలపై ఆందోళన వ్యక్తం చేశారు' అని ఒక్క వాక్యంగా మిగులుతుంది. ఆ తర్వాత నిపుణుల కమిటీ చూసేది ఆ వాక్యాన్ని, దానికి కంపెనీ రాసిన జవాబును. అప్పీలులో లాయరు చేతికి వచ్చేదీ అదే. అందుకే సభలో మాట్లాడటంతో సరిపెట్టకుండా ప్రతి అభ్యంతరాన్ని సర్వే నంబరు, బావి ఫోటో, ల్యాబ్ రిపోర్టుతో కలిపి రాతపూర్వకంగా ఇచ్చి, ముద్ర వేయించి రసీదు తీసుకోమంటారు. ఆ రసీదు లేని అభ్యంతరం రెండేళ్ల తర్వాత ట్రిబ్యునల్‌లో నిలబడటం చాలా కష్టం.

సుప్రీంకోర్టుకు వెళ్లేసరికి దారి ఇంకా ఇరుకవుతుంది. ఎన్జీటీ తీర్పు మీద 22వ సెక్షన్ కింద 90 రోజుల్లో అప్పీలు వేయవచ్చు కానీ సివిల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షన్‌లో ఉన్న కారణాల మీదే, అంటే ముఖ్యమైన న్యాయపరమైన ప్రశ్న ఉండాలి. చెరువు ఎంత కలుషితమైందన్న వాస్తవం మీద మళ్లీ మొదటి నుంచి సాక్ష్యం వినరు. వాస్తవాల పోరాటం చెన్నైలోనే అయిపోవాలి.

కమిటీ రిపోర్టు చుట్టూ తిరిగే అప్పీళ్లు

సుప్రీంకోర్టులో ఎన్జీటీ ఆదేశాలు ఎక్కువగా ఎక్కడ దెబ్బ తింటున్నాయో చూస్తే ఒక తీరు కనిపిస్తుంది. ట్రిబ్యునల్ ఒక జాయింట్ కమిటీ వేస్తుంది. కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ), రెవెన్యూ, కొన్నిసార్లు ఏదో ఒక సాంకేతిక సంస్థ నుంచి మనుషులు వెళ్లి చూసి రిపోర్టు ఇస్తారు. ఆ రిపోర్టును అలాగే తీసుకుని ట్రిబ్యునల్ జరిమానా వేస్తుంది. 'రిపోర్టు మీద మమ్మల్ని వినలేదు' అని కంపెనీ పైకి వెళ్తుంది. 2023లో సింగ్రౌలి థర్మల్ ప్లాంటు కేసులో సుప్రీంకోర్టు ఈ కారణం మీదే ఎన్జీటీ ఆదేశాన్ని పక్కన పెట్టి మళ్లీ వినమంది. తీర్పు చెప్పే బాధ్యతను కమిటీలకు అప్పగించకూడదని 2022లోనే గుజరాత్‌కు చెందిన ఒక కేసులో కూడా చెప్పింది.

ఇది పరిశ్రమ లాయర్లకు పనికొచ్చే కిటుకు అనుకుంటే పొరపాటు. గ్రామస్థుల తరఫు లాయరుకే దీనివల్ల ఎక్కువ పని. రిపోర్టు తమకు అనుకూలంగా వచ్చిందని సంబరపడి ఊరుకుంటే, మూడేళ్ల తర్వాత పై కోర్టులో ఆ గెలుపు ఎగిరిపోతుంది. కాపీ అవతలి పక్షానికి అందిందా, అభ్యంతరాలు చెప్పడానికి సమయం ఇచ్చారా, ఆ అభ్యంతరాలకు ఆదేశంలో జవాబు ఉందా, ఇవన్నీ గెలుస్తున్న రోజునే సరిచూసుకోవాలి.

జరిమానాల విషయంలోనూ ఇంతే. 2022 అక్టోబరులో ఘన, ద్రవ వ్యర్థాల నిర్వహణ లోపాలకు తెలంగాణ మీద ఎన్జీటీ సుమారు 3,800 కోట్ల పరిహారం వేసింది. అదే డిసెంబరులో పాలమూరు-రంగారెడ్డి, డిండి ఎత్తిపోతల పథకాల మీద 900 కోట్లకు పైగా. రెండోదాని మీద 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, తాగునీటికి అవసరమైన మేరకు పనులు సాగనిచ్చింది. పత్రికల్లో జరిమానా అంకె పెద్ద హెడ్డింగ్‌లో వస్తుంది, స్టే లోపలి పేజీలో వస్తుంది. చదివేవాళ్లకు గందరగోళం ఇక్కడే మొదలవుతుంది.

ఈ దారిలోకి వచ్చేదెలా, బతికేదెలా

లా డిగ్రీ, బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్‌మెంట్, ఆలిండియా బార్ ఎగ్జామ్, ఇవి అందరికీ ఒకటే. శామీర్‌పేటలోని నల్సార్‌లో పర్యావరణ చట్టం మీద ప్రత్యేక కేంద్రం ఉంది, ఉస్మానియా నుంచి వచ్చినవాళ్లూ చాలామంది ఈ పని చేస్తున్నారు. కానీ కాలేజీ నేర్పేది సూత్రాలు. మిగతాది సీనియర్ ఆఫీసులో ఫైళ్లు మోస్తూ నేర్చుకునేదే: నీళ్లు ఎంత కలుషితమయ్యాయో చెప్పే బీఓడీ, సీఓడీ, టీడీఎస్ అంకెలు చదవడం, గ్రామ నక్షా మీద గూగుల్ మ్యాప్ పరిచి చూడటం, చెరువు ఎఫ్‌టీఎల్‌కు (నిండుగా ఉన్నప్పుడు నీళ్లు చేరే హద్దుకు) ప్రాథమిక నోటిఫికేషన్ మాత్రమే వచ్చిందా తుదిది కూడా వచ్చిందా కనుక్కోవడం. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఈ చివరి పని బాగా పెరిగింది. ఇల్లు కొన్నవాళ్లు, చెరువు కాపాడాలనేవాళ్లు, ఇద్దరూ అదే కాగితం కోసం తిరుగుతున్నారు.

సుప్రీంకోర్టులో సొంతంగా కేసు దాఖలు చేయాలంటే అడ్వకేట్ ఆన్ రికార్డ్ (ఏఓఆర్) కావాలి. నాలుగేళ్ల ప్రాక్టీసు తర్వాత ఒక ఏడాది ఏఓఆర్ దగ్గర శిక్షణ, ఆపైన నాలుగు పేపర్ల పరీక్ష, పాసయ్యాక కోర్టుకు 16 కిలోమీటర్ల లోపు ఢిల్లీలో ఆఫీసు. హైదరాబాద్‌లో స్థిరపడిన లాయరుకు ఇది కుదరదు కాబట్టి ఎక్కువమంది ఢిల్లీలో ఒక ఏఓఆర్‌తో కలిసి పనిచేస్తారు. కోవిడ్ తర్వాత ఎన్జీటీలో వీడియో విచారణలు, ఈ-ఫైలింగ్ రావడం మాత్రం నిజంగా ఊరట. ఒక వాయిదా కోసం రాత్రి రైలెక్కి చెన్నై వెళ్లి, కేసు పిలవకపోతే తిరిగి రావడం తగ్గింది.

ఇక డబ్బు. పరిహారం అడగని కేసుకు ఎన్జీటీ ఫీజు 1,000 రూపాయలే, పరిహారం అడిగితే అడిగిన మొత్తంలో ఒక శాతం, దారిద్ర్యరేఖ దిగువన ఉన్నవాళ్లకు మినహాయింపు. కోర్టు ఫీజు తక్కువే. ల్యాబ్ పరీక్షలు, నిపుణుడి అభిప్రాయం, వందల పేజీల అనువాదం, లాయరు ఫీజు, ఇవే భారం. కంపెనీ తరఫున వాదిస్తే ఇవన్నీ క్లయింటు చూసుకుంటాడు. ఊరి తరఫున వాదిస్తే ఊళ్లో చందాలు వేసుకోవాలి. అందువల్ల గ్రామాల కేసులు తీసుకునే లాయర్లు చాలామంది భూసేకరణ, సర్వీసు కేసులు చేసుకుంటూ వీటిని మోస్తుంటారు. పీసీబీ ప్యానెల్‌లో చేరితే క్రమమైన పని ఉంటుంది, అయితే అదే మండలి మీద కేసు వేయడం కుదరదు. ఇక్కడ ప్రజల తరఫు నైపుణ్యం పెరగకపోవడానికి పెద్ద కారణం ఇదే. ఆసక్తి లేక కాదు, పదేళ్లు నిలబడే ఆదాయం లేక.

పదేళ్లు అన్నది అతిశయోక్తి కూడా కాదు. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో పడిన పిటిషన్ 2001లో హైకోర్టుకు వచ్చింది, అక్కడి నుంచి ఎన్జీటీకి వెళ్లింది. మొదట సంతకం పెట్టిన రైతుల పిల్లలు పెద్దవాళ్లయ్యారు. అంతకాలం ఒక ఫైలు చేతులు మారుతూ ఉన్నప్పుడు, మొదటి లాయరు ఎంత పద్ధతిగా పేపర్ బుక్ కట్టాడన్న దాని మీదే తర్వాతి లాయరు వాదన ఆధారపడుతుంది.

2025లో రెండుసార్లు మారిన నియమం

ముందు కట్టేసి తర్వాత పర్యావరణ అనుమతి తెచ్చుకోవచ్చా? 2025 మే 16న వనశక్తి కేసులో జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ ఉజ్జల్ భూయాన్ కుదరదన్నారు. అలా అనుమతించే 2017 నోటిఫికేషన్‌ను, 2021 మెమోను కొట్టేశారు. నవంబరు 18న ముగ్గురు జడ్జీల బెంచ్ 2-1 మెజారిటీతో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది, విషయాన్ని మళ్లీ వినాలంది. విభేదించింది జస్టిస్ భూయాన్, 2022-23లో తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన వ్యక్తి. ఇప్పటికే వేల కోట్లు పెట్టి కట్టినవి కూల్చాల్సి వస్తుందన్నది మెజారిటీ ఆందోళన. ముందస్తు జాగ్రత్త అన్న సూత్రానికే ఇది విరుద్ధమన్నది మైనారిటీ మాట.

అనుమతి రాకముందే పునాదులు తీసే అలవాటు బాగా ఉన్న నగరం ఇది, కాబట్టి ఈ మార్పు హైదరాబాద్‌లో నేరుగా తగులుతుంది. మే నుంచి నవంబరు వరకు ఆరు నెలలు గ్రామస్థుల లాయర్లకు ఆ తీర్పు గట్టి ఆయుధం, ఇప్పుడు బిల్డర్ల లాయర్లకు మళ్లీ ఊపిరి. పెండింగులో ఉన్న అప్పీళ్లలో రెండు వైపులా పిటిషన్లు సవరించుకోవాల్సి వస్తోంది. వనశక్తి మళ్లీ విచారణకు వచ్చేదాకా, అనుమతి లేకుండా మొదలైన నిర్మాణం కనిపిస్తే తేదీతో ఉన్న ఫోటోలు, ఉపగ్రహ చిత్రాలు, పీసీబీకి ఇచ్చిన ఫిర్యాదు రసీదులు ఇప్పుడే భద్రం చేసుకోమని ఈ రంగంలోని లాయర్లు చెబుతారు. నియమం ఎటు తేలినా, పని ఏ తేదీన మొదలైందన్నది మాత్రం ప్రతి కేసులోనూ నిరూపించాల్సిందే.